పోని ఓడ: మద్రాసు తీరం వెంట నాన్నతో ఐదు రోజులు

మా తాతయ్య పనిచేసిన ఓడ ఎక్కడికీ పోయేది కాదు. కలకత్తాకు దిగువన, హుగ్లీ నది సముద్రంలో కలిసే చోట, లంగరు వేసుకుని ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఉండేది. దాని నిలువు కొయ్య మీద పెద్ద దీపం. అడుగున ఇసుక తప్ప గట్టి నేల దొరకని చోట లైట్‌హౌస్ కట్టలేరు కదా, అందుకని దీపాన్ని ఓడకే ఎత్తి నీళ్ళ మధ్య నిలబెడతారు. దాన్నే లైట్‌షిప్ అంటారు. తాతయ్య అందులో కళాసీ. ఊళ్ళో ఎవరైనా "మీ ఆయన ఏ దేశం వెళ్ళాడే?" అని అడిగితే మా నాయనమ్మ "పోని ఓడలో ఉన్నాడు" అనేదట. తాళ్ళరేవులో మా ఇంటిని ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు పోని ఓడ వాళ్ళిల్లు అనే అంటారు.

నాన్న శుక్లాల ఆపరేషన్‌కి చెన్నైలో మా ఇంటికి వచ్చారు. మేముండేది పెరంబూరులో. ఆపరేషన్ అయిన నెలకి, ఇక బయట తిరగొచ్చని డాక్టర్ చెప్పిన రోజు సాయంత్రం, "ఈ ఊళ్ళో లైట్‌హౌస్ నాలుగు చోట్లు మారిందటగా, అవన్నీ చూపిస్తావేంటమ్మా?" అని అడిగారు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. మెరీనాలో ఉన్నది తప్ప మిగతా మూడూ ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఐదు రోజులు సెలవు పెట్టాను. నవంబర్ మొదటి వారం, వానలు కాస్త తెరిపిచ్చాయి.

మొదటి రోజు: మెరీనా

అందరికీ తెలిసిన దానితోనే మొదలుపెట్టాం. ఎరుపు తెలుపు పట్టీలతో, మూడు మూలల ఆకారంలో ఉండే మెరీనా లైట్‌హౌస్ 1977 జనవరిలో మొదలైంది. లిఫ్టు ఉన్న లైట్‌హౌస్ కాబట్టి నాన్నని తీసుకెళ్ళడానికి టెన్షన్ లేదు. భద్రతా కారణాలతో చాలా ఏళ్ళు జనాన్ని పైకి రానివ్వలేదు, 2013లో మళ్ళీ తెరిచారు. టికెట్ తీసుకుని తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాం.

గాలి గట్టిగా కొడుతోంది. నాన్న నల్ల కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు సముద్రాన్నే చూశారు. ఉత్తరాన హార్బరు క్రేన్లు, దాని అవతల లంగరేసి వంతు కోసం చూస్తున్న ఓడలు, కింద నొచ్చికుప్పం పడవలు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న మిగతా నాలుగు రోజులూ నా వెంటే ఉంది.

"ఇక్కడ రాయి కనబడదు, తిన్నె కనబడదు. హుగ్లీ అంటే సరే, అడుగడుక్కీ ఇసుక. మరి ఇక్కడ ఓడలెందుకు పోయాయి?"

హుగ్లీ గురించి ఆయన చెప్పింది నిజమే. అక్కడ ఒక తిన్నె పేరే జేమ్స్ అండ్ మేరీ. 1694లో రాయల్ జేమ్స్ అండ్ మేరీ అనే ఓడ దాని మీద పోయింది, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. మద్రాసు సంగతి వేరు. ఇక్కడ ప్రమాదం నీళ్ళ కింద దాక్కుని లేదు, కళ్ళెదుటే ఉంది. తీరం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఓడ దూరి తలదాచుకోవడానికి ఒక మలుపు లేదు, చాటుగా ఒక దీవి లేదు. మన కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డుంది. మద్రాసుకి ఏ అడ్డూ లేదు. ఓడలు ఒడ్డుకి దూరంగా బయటి సముద్రంలోనే లంగరేసేవి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం నుంచి తుఫాను వచ్చిందంటే గాలి ఓడని నేరుగా ఒడ్డు మీదికే తోస్తుంది.

ఇదంతా చెబితే నాన్న ఒక్క ముక్కలో అర్థం చేసుకున్నారు. "అంటే లంగరు తెగితే వెనకాల గోడన్న మాట."

ఆ గోడకి తగిలిన ఓడ ఒకటి ఇదే మెరీనా ముందు ఉంది. 1966 నవంబరు 3న తుఫానుకి స్టమాటిస్ అనే సరుకుల ఓడ ఇక్కడ ఒడ్డెక్కింది. కొందరు దాని పేరు డమాటిస్ అంటారు. పాత మద్రాసు వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళే. ఓడ క్రమంగా ఇసుకలో, నీళ్ళలో కూరుకుపోయింది. ఈత కొట్టేవాళ్ళు ఆ ఇనుములో చిక్కుకుని చనిపోయిన సంఘటనలూ ఉన్నాయి. పై నుంచి చూస్తే ఏమీ కనిపించదు. సెలవురోజు జనం, బజ్జీల బండ్లు, గుర్రాలు. మా ఆఫీసు వాళ్ళతో ఎన్నిసార్లు అక్కడికి వచ్చానో లెక్క లేదు, నీళ్ళ కింద ఓడ ఉందని ఒక్కరూ అనలేదు.

రాత్రి భోజనాలయ్యాక నాన్న తాతయ్య కబుర్లు చెప్పారు. తాతయ్యకి తుఫానంటే అంత భయం ఉండేది కాదట. తిరగడానికి గొలుసు ఉంది, ఓడ దానంతటదే గాలికి ఎదురు తిరుగుతుంది. ఆయన భయమల్లా మంచు. మంచులో మిగతా ఓడలు ఈ దీపాన్నే గురిపెట్టుకుని వస్తాయి. పక్కకి తప్పుకుందామంటే ఇది పోని ఓడ.

ఆ భయం నిజమని నేను చదివాను. అమెరికా తీరంలో నాన్‌టకెట్ లైట్‌షిప్ ఉండేది. 1934 మే 15న దట్టమైన పొగమంచులో టైటానిక్‌కి అక్క లాంటి ఒలింపిక్ అనే ఓడ, ఆ లైట్‌షిప్ పంపే రేడియో సంకేతాన్నే పట్టుకుని వస్తూ నేరుగా దాన్ని గుద్దేసింది. ఉన్నది పదకొండు మంది, పోయింది ఏడుగురు. నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "మా నాన్న నిద్దట్లో గంట కొడుతున్నట్టు చెయ్యి ఆడించేవాడు" అన్నారు. మంచు పట్టినప్పుడు ఆపకుండా గంట కొట్టడం కళాసీల వంతు పని.

రెండో రోజు: కోట, హైకోర్టు

మిగతా మూడు దీపాలూ ఒకదానికొకటి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. సెయింట్ జార్జి కోటలోకి తనిఖీ చేసి పంపారు. తొలి దీపం 1796లో ఇక్కడే వెలిగింది. ఇప్పుడు కోట మ్యూజియం ఉన్న భవనం అప్పట్లో వర్తకుల ఎక్స్ఛేంజి. దాని మిద్దె మీద పెద్ద లాంతరు పెట్టి కొబ్బరినూనె ఒత్తులు వెలిగించేవారు. అద్దాలు ఆ వెలుతురుని సముద్రం వైపు తిప్పేవి.

1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి నుంచి ఇంగ్లిషు వాళ్ళు ఈ ఇసుక నేల తీసుకున్నారు. ఆ దామెర్ల వారి తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం. ఇంగ్లిషు వాళ్ళ తరఫున మాట్లాడిపెట్టిన దుబాసీ బేరి తిమ్మప్ప. ఈ సంగతులు చెబుతుంటే నాన్న మొహం వెలిగిపోయింది. అంటే 1639 నుంచి 1796 దాకా నూట యాభై ఏడేళ్ళు ఈ రేవుకి ఒక సరైన దీపమే లేదు. రాత్రి వచ్చిన ఓడ తెల్లారేదాకా దూరంగా కాచుకోవాలి. ఇంత పెద్ద వ్యాపారం, లక్షల వరహాల బట్ట ఎగుమతి చేసిన చోట ఒక దీపానికి అన్నేళ్ళు పట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఈ చోటు ఎంచుకున్న ఇంగ్లిషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇక్కడ రేవు చూసి రాలేదు. ఇక్కడ బట్ట చవగ్గా దొరుకుతుందని వచ్చాడు. ఆ ఎంపికకి మూల్యం చెల్లించింది మాత్రం సముద్రం మీద ఉన్నవాళ్ళు.

ఆ మూల్యం ఎంతో 1746లో కనబడింది. ఫ్రెంచి సేనాని లా బూర్దొన్నే సెప్టెంబరులో మద్రాసుని పట్టుకున్నాడు. అక్టోబరులో తుఫాను వచ్చింది. కోట మీద గెలిచిన నౌకాదళం ఒక్క రాత్రిలో చెదిరిపోయింది. ఓడలు మునిగాయి, వెయ్యిమందికి పైగా నావికులు పోయారు. ఆ తర్వాత అతను ఈ తీరంలో ఉండలేక మారిషస్‌కి వెళ్ళిపోయాడు. చరిత్ర పుస్తకాల్లో పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు దూప్లేతో అతని గొడవ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఈ వెయ్యిమంది గురించి ఒక్క వాక్యం.

కోట ముందు జెండా స్తంభం దగ్గర నాన్న ఆగారు. ఇప్పుడున్నది ఇనుముది. 1994 దాకా ఉన్నది టేకుది. 1687 ప్రాంతంలో ఎలిహు యేల్ గవర్నరుగా ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టారని, లాయల్ అడ్వెంచర్ అనే ఓడ ఈ ఒడ్డున పోతే దాని కొయ్యనే తెచ్చి జెండా కట్టారని చెబుతారు. నాన్న తలెత్తి పైదాకా చూశారు. చెక్క ఓడలు కట్టే ఊళ్ళో పుట్టినాయన. "కొయ్య విరగలేదంటే ఓడ అడుగు మునుపే పగిలిందన్న మాట" అన్నారు.

మధ్యాహ్నం హైకోర్టు వైపు నడిచాం. రెండో దీపం ఆవరణలోనే ఒక పొడవాటి రాతి స్తంభం, గ్రీకు గుడి స్తంభంలా ఉంటుంది. 1844లో వెలిగింది. నల్లకోటు లాయర్లు దాని పక్కనుంచి ఫైళ్ళు పట్టుకుని పోతున్నారు. దగ్గరికి వెళ్ళే వీలు దొరకలేదు, గేటు బయట నుంచే చూశాం. మూడో దీపం కోసం వేరే స్తంభం కట్టలేదు. 1892లో హైకోర్టు భవనం లేచింది. ఊళ్ళో అంతకంటే ఎత్తైనది లేదు. దాని పెద్ద గుమ్మటం మీదకి, సుమారు 175 అడుగుల ఎత్తుకి, 1894లో దీపాన్ని ఎక్కించారు. 1977లో మెరీనాకి మారేదాకా ఎనభై మూడేళ్ళు న్యాయస్థానం నెత్తి మీద నుంచే ఓడలకి దారి కనబడింది.

ఆ దీపానికి సంబంధించి ఒక రాత్రి ఉంది. 1914 సెప్టెంబరు 22. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై రెండు నెలలు కూడా కాలేదు. కెప్టెన్ ఫాన్ ముల్లర్ నడిపే జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ చీకట్లో మద్రాసు ముందుకి వచ్చి అరగంట సేపు గుళ్ళు కురిపించింది. సుమారు నూట ముప్ఫై గుళ్ళు. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకుని మండాయి. మనుషులు పోయారు. హైకోర్టు ప్రహరీ మీద కూడా గుండు పడింది, అక్కడ ఇప్పటికీ ఒక ఫలకం ఉంది. ఆ రాత్రి మద్రాసు లైట్‌హౌస్ శాంతికాలంలో లాగే వెలుగుతోందని, తమకి దారి చూపడానికి అది బాగా పనికొచ్చిందని ఎమ్డెన్ అధికారి ఒకరు తర్వాత రాశారు.

ఫలకం ముందు ఇది చెప్పినప్పుడు నాన్న కోప్పడతారనుకున్నాను, దీపం ఆర్పని వాళ్ళ మీద. ఆయన తల అడ్డంగా ఊపారు. "దీపం దగ్గరున్నవాడికి ఎవరి ఓడో ఏం తెలుస్తుందమ్మా. మా నాన్న యుద్ధంలో కూడా ఒత్తి చూసుకునేవాడు."

తమిళంలో ఇప్పటికీ గడుసువాణ్ణి ఎమ్డెన్ అంటారు. మా అపార్ట్‌మెంటులో పెద్దావిడ తన మనవణ్ణి రోజూ అలాగే తిడుతుంది. ఆ ఓడ మాత్రం రెండు నెలలైనా నిలవలేదు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని ఛిద్రం చేస్తే ముల్లర్ తన ఓడని తానే పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు.

మూడో రోజు: రాయపురం, కాసిమేడు

రాత్రంతా వాన. ఉదయం తొమ్మిదింటికి ఆగింది. కాసిమేడు చేపల రేవులో వేలం అప్పటికే చివరికొచ్చింది. ఐసు నీళ్ళు, డీజిలు, ఎండుచేపల వాసన. నాన్నకి ఊరొచ్చినట్టయింది.

ఈ రేవు చుట్టూ ఉన్నదంతా సముద్రంతో జరిగిన ఒక పెద్ద పేచీ. హార్బరు లేనన్నాళ్ళూ ఓడలోంచి మనిషి గాని మూట గాని ఒడ్డుకి రావాలంటే మసూలా పడవే దిక్కు. ఆ పడవలో ఒక్క మేకు ఉండదు. పలకలని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, కుట్టు సందుల్లో గడ్డి కూరేవారు. లోపల అడ్డ కర్రలు ఉండవు. మద్రాసు ముందు కెరటాలు వరసల్లో విరుగుతాయి. ఇంగ్లండు నుంచి తెచ్చిన మేకుల పడవ ఆ వరసల్లో ముక్కలయ్యేది. పడవ ఇసుకకి తగలగానే కళాసీలు దిగి దొరల్ని, దొరసానుల్ని భుజాల మీద ఒడ్డుకి మోసేవారు.

నాన్న ఇది వినగానే చేతులతో చూపించడం మొదలుపెట్టారు. "మేకు బిగిస్తే చెక్క మొండికేస్తుంది. కెరటం కొట్టిన చోటే పగులుతుంది. కుడితే చెక్క కదులుతుంది, దెబ్బ అన్ని కుట్లకీ పంచుకుంటుంది." అరచేతులు రెండూ జోడించి అలలా ఊపారు.

మసూలా పడవ పక్కనే తెప్పల వాళ్ళు వెళ్ళేవారు. మూడు నాలుగు దుంగలు కట్టిన తెప్ప మునగదు. పడవ బోల్తా పడితే మనుషుల్ని లాగి పైకెక్కించడం వాళ్ళ పని. సముద్రం మరీ పొంగి పడవలు దిగలేని రోజున ఉత్తరాలు ఓడకి చేర్చేది కూడా వాళ్ళే, తాటాకు టోపీలో తడవకుండా దాచుకుని. ప్రాణాలు కాపాడినందుకు కొందరికి పతకాలు కూడా ఇచ్చారు. మునిగిన ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు, సరుకు విలువ అన్నీ రాసి పెట్టారు. తెప్ప మీద వెళ్ళిన వాళ్ళ పేర్లు వెతికితే దొరకడం లేదు. ఈ ఊరు నిలిచింది వాళ్ళ భుజాల మీద. ఊళ్ళో వాళ్ళకి తగినంత గుర్తు లేదు, ఉండాలి.

హార్బరు కట్టాలన్న మాట ఎప్పటిదో. 1861లో సముద్రంలోకి వెయ్యి అడుగులు దాటేంత ఇనుప పియర్, అంటే నీళ్ళలోకి పోయే వంతెన లాంటిది, కట్టారు. 1872 మే తుఫానులో లంగరేసిన ఓడలు ఎన్నో ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. 1875 డిసెంబరులో బ్రిటన్ యువరాజు చేత శంకుస్థాపన చేయించి రెండు చేతుల్లా గోడలు కట్టడం మొదలుపెట్టారు. ఆరేళ్ళ పని ఇంకా పూర్తి కాకముందే 1881 నవంబరు 12న తుఫాను వచ్చింది, కట్టిన గోడల్ని పగలగొట్టిపోయింది. మళ్ళీ కట్టారు. గోడల మధ్య ద్వారం తూర్పుకి ఉండేది, ఇసుక, అలలు నేరుగా లోపలికి వచ్చేవి. 1904 తర్వాత పోర్టు ట్రస్టు ఛైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాంలో దాన్ని మూసి ఈశాన్యానికి తిప్పాక గాని రేవు రేవులా పనిచేయలేదు.

గోడ కట్టగానే ఇంకో సంగతి జరిగింది. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోడ దాన్ని ఆపేసింది. దక్షిణం వైపు ఇసుక పేరుకుని మెరీనా ఇంత వెడల్పు అయింది. ఉత్తరం వైపు రాయపురం, కాసిమేడు, తిరువొత్తియూరు ఒడ్డులని సముద్రం తినేసింది. మనం సాయంత్రం గాలికి నడిచే బీచి వీళ్ళ వీధుల్లోంచి తీసింది. బండరాళ్ళ కట్ట మీద నిలబడి ఆ మాట అనుకుంటే కాళ్ళ కింద ఏదో కదిలినట్టయింది.

అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా మాటలు విని "మీరు తెలుగోళ్ళా?" అని పలకరించాడు. వాళ్ళది పులికాట్ వైపు, మూడు తరాల కిందట వచ్చారు. నాన్న లైట్‌షిప్ సంగతి చెబితే ఆసక్తిగా విన్నాడు.

"ఇప్పుడు అన్నిటికీ జీపీఎస్ వచ్చిందయ్యా. కానీ రాత్రి తిరిగొచ్చేటప్పుడు కన్ను మాత్రం లైట్‌హౌస్ మీదే. అది కనబడితే ఇంట్లో పొయ్యి కనబడినట్టే" అన్నాడు.

2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికిన రోజుల గురించి కూడా చెప్పాడు. అప్పుడు మనుషులు బకెట్లతో ఆ జిడ్డుని తోడి పోయడం టీవీలో నేనూ చూశాను. "ఓడలో ఎవ్వరికీ ఏం కాలా. మాకే చేప కొనేవాడు లేకుండా పోయాడు." అది కూడా ఓడ ప్రమాదమే, మునగని ఓడల ప్రమాదం.

తిరిగి వస్తుంటే నాన్న ప్రమాద సూచికల గురించి ఎత్తుకున్నారు. మన రేడియో వార్తల్లో వినే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు. రేవులో పగలు కొయ్యకి బుట్టల్లాంటివి వేలాడదీస్తారు, రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. ఒకటి, రెండు దూరంగా ఏదో ఉందని. మూడు, నాలుగు ఇక్కడికే గాలి రావచ్చని. ఎనిమిది నుంచి పది పెద్ద ప్రమాదం.

"పదకొండు కూడా ఉంటుంది, తెలుసా?"

తెలియదన్నాను.

"కబురు తెగిపోయిందని. వాతావరణ కేంద్రంతో మాట అందడం లేదు, ఇక నీ కళ్ళే నీకు దిక్కని."

1977 నవంబరులో దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు నాన్నకి ఇరవై ఏడేళ్ళు. ఆ రాత్రి గురించి ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. నేనూ అడగలేదు. కోరంగి వైపు వాళ్ళకి ఇలాంటివి వంశపారంపర్యంగా వస్తాయి. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన కోరంగిని ఊడ్చేసింది. ఆ తుఫానుల లెక్కలు కూర్చి చదివిన కలకత్తా అధికారి హెన్రీ పిడింగ్‌టనే సైక్లోన్ అనే మాట పుట్టించాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మా ఊరి పక్క ఊరు ఉంది.

నాలుగో రోజు: పులికాట్

సబర్బన్ రైల్లో పొన్నేరి, అక్కణ్ణుంచి బస్సు. తమిళంలో పళవేర్కాడు. మన పాతవాళ్ళు ప్రళయ కావేరి అనేవారు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది, అందుకేనేమో టీ కొట్లో తెలుగు వినబడింది.

డచ్చివాళ్ళు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని కోరమాండల్ తీరం మొత్తాన్నీ ఇక్కణ్ణుంచే నడిపారు. కోట ఇప్పుడు ముళ్ళకంపలు. శ్మశానం మాత్రం పురావస్తు శాఖ కాపాడుతోంది. గేటుకి రెండు వైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. సమాధుల మీద అక్షరాలు ఎంత లోతుగా చెక్కారో, నాన్న వేలితో తడిమి చూస్తూ పోయారు. ఇంత దూరం వచ్చి ఒడ్డు చేరి, ఒడ్డు మీద పోయినవాళ్ళు వీళ్ళు. దారిలో పోయినవాళ్ళకి రాయి కూడా లేదు.

వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం వైపు వెళ్ళాం. ఊరి పేరే అది. పులికాట్ నుంచి దుగరాజపట్నం దాకా ఈ సముద్రంలో తిన్నెలున్నాయి. ఇంగ్లిషు వాళ్ళు దుగరాజపట్నాన్ని ఆర్మగాన్ అనేవారు, ఫ్రాన్సిస్ డే మద్రాసుకి వచ్చింది అక్కణ్ణుంచే. దీపం అవసరం ఇక్కడ మద్రాసు కంటే వేరు. ఇక్కడిది ఒడ్డుకి రమ్మనదు, దూరంగా పొమ్మంటుంది. లైట్‌షిప్ చేసే పనీ సరిగ్గా అదే. 1732లో లండన్ దగ్గర థేమ్స్ నది ముఖద్వారంలో, నోర్ అనే తిన్నె దగ్గర పెట్టిన మొదటి లైట్‌షిప్ నుంచి మా తాతయ్య ఓడ దాకా అన్నిటిదీ ఒకటే మాట: నేనున్న చోటికి రావద్దు.

సరస్సు ఒడ్డున పడవ షికారు చేయించమంటారా అని ఒకబ్బాయి వెంటపడ్డాడు. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడే షికారు పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. వద్దన్నాను. నాన్న కూడా బలవంతం చేయలేదు.

మహాబలిపురం కూడా ఈ రోజుకే అనుకున్నాం గాని కుదరలేదు. అక్కడ పాత రాతి లైట్‌హౌస్ పక్కనే పల్లవుల ఒలక్కణ్ణేశ్వర గుడి ఉంది. లైట్‌హౌస్ కట్టకముందు ఆ గుడి కప్పు మీదే దీపం పెట్టేవారు. పెళ్ళయిన కొత్తలో చూశాను. నాన్నకి ఫోన్లో ఫోటోలు చూపించాను.

ఐదో రోజు: బెసంట్ నగర్

సాయంత్రం నాలుగింటికి ఇలియట్స్ బీచికి చేరాం. ముందు తెల్లటి తోరణంలా ఉండే ష్మిట్ స్మారకం. కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడు 1930 డిసెంబరు 30న ఇక్కడ మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి తను పోయాడు. పిల్లలు దాని మెట్ల మీద ఐస్‌క్రీం తింటున్నారు.

ఈ ఒడ్డుకి ఓడ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. 2012 అక్టోబరు 31, నీలం తుఫాను. అప్పటికి నేను చెన్నైకి రాలేదు, హైదరాబాదులో టీవీ ముందు ఉన్నాను. ప్రతిభా కావేరి అనే ట్యాంకరు లంగరు నిలవక ఈ ఇసుక మీదికి కొట్టుకొచ్చింది. 37 మంది ఉన్నారు. ఓడ ఇసుకలో నిలబడిపోయింది, విరగలేదు. భయంతో కొందరు లైఫ్‌బోటులో దిగారు, అది కెరటాల్లో బోల్తా పడింది. ఆరుగురు పోయారు. ఒడ్డు కుప్పాల జాలర్లు ఆ గాలిలోనే పడవలేసుకెళ్ళి చాలామందిని లాక్కొచ్చారు. పదకొండు రోజుల తర్వాత టగ్గులు ఓడని లాగి సముద్రంలోకి తీసుకుపోయాయి. ఆ పదకొండు రోజులూ ఊరంతా చూడ్డానికి వచ్చింది.

నాన్నకి చెబుతుంటే మొదటి రోజు తను అన్న మాటే మళ్ళీ అన్నారు, నెమ్మదిగా. "లంగరు తెగితే వెనకాల గోడ." 1746లో ఏం జరిగిందో 2012లో అదే జరిగింది. అదే గాలి, అదే దిక్కు, అదే ఇసుక. ఆ ఆరుగురిలో ఎక్కువమంది కుర్రాళ్ళు అని పేపర్లో చదివినట్టు గుర్తు. లైఫ్‌బోటు దించిన చోట తెప్ప మనుషులు ముందునుంచే పక్కన ఉండి ఉంటే అని నాకు అనిపిస్తూనే ఉంటుంది. రెండొందల ఏళ్ళ కిందట ఈ ఊరికి ఆ పద్ధతి తెలుసు.

చీకటి పడింది. మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని ఇసుకలో కూర్చున్నాం. ఉత్తరాన, ఊరి దీపాలన్నిటికీ పైన, మెరీనా లైట్‌హౌస్ వెలుగు తిరుగుతోంది. నాన్న నల్ల కళ్ళద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆపరేషన్‌కి ముందు ఏ దీపం చూసినా చుట్టూ మసక గుడి కట్టినట్టు కనబడేదని చెప్పేవారు.

"ఇప్పుడు ఎలా కనబడుతోంది నాన్నా?"

ఆయన జవాబివ్వలేదు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా కదులుతోంది. వెలుగు వచ్చినప్పుడు ఆగుతోంది, పోగానే మళ్ళీ మొదలవుతోంది. ఏ దీపం ఎంతసేపటికి వెలుగుతుందో దాన్ని బట్టే నావికులు అది ఏ ఊరో పోల్చుకుంటారు. తాతయ్య సెలవుకి వచ్చినప్పుడల్లా పెరట్లో లాంతరు ముందు చెయ్యి అడ్డం పెట్టి తీస్తూ, నాన్నకి ఇలాగే లెక్కపెట్టడం నేర్పేవాడట.

నేనూ నా వేళ్ళ మీద మొదలుపెట్టాను. రెండుసార్లు తప్పాను. "వెలుగు పోయాక మొదలుపెట్టాలమ్మా, వచ్చాక కాదు" అన్నారు నాన్న, కళ్ళు అటే ఉంచి.